ఎనిమిదో తరగతి పాప రాసిన "పోయుండాడు"ను ఎర్రసిరాతో కొట్టేశాను. తప్పు చేశానా?

పెన్న ఒడ్డు (ప్రశ్న)

అందరికీ నమస్కారం. నెల్లూరు జిల్లాలో ఆత్మకూరు దగ్గర ఒక హైస్కూల్లో తెలుగు చెప్తాను. పదిహేడేళ్ల సర్వీసు. ఇన్నేళ్లలో ఎన్ని వేల నోటుబుక్కులు దిద్దానో లెక్కలేదు. మొన్న దిద్దిన ఒక్క పేజీ మాత్రం నన్ను నిద్రపోనివ్వడం లేదు. భాషాశాస్త్రం చదివినవాళ్లు, బడుల్లో తెలుగు చెప్పేవాళ్లు ఇక్కడ ఉన్నారు కాబట్టి అడుగుతున్నాను.

ఎనిమిదో తరగతికి "మా ఇంట్లో ఒక ఉదయం" అని వ్యాసం ఇచ్చాను. కిటికీ పక్క బెంచీలో ఒక పాప కూర్చుంటుంది. అడిగితే తప్ప నోరు తెరవదు. ఎప్పుడు రాసినా అరపేజీ దాటదు. ఈసారి పేజీన్నర రాసింది. అందులో ఒక ముక్క, ఉన్నది ఉన్నట్టు:

"నేను లేసేలోపలే మా నాయన కయ్యకాడికి పోయుండాడు. రాత్రి వానకి గెనిమ తెగుండాది. మడవ కట్టేదానికి మా అమ్మ కూడా పార ఎత్తుకోని పోయింది. నేను బువ్వ తీసుకోని పోయేసరికి ఇద్దురూ మోకాలి లోతు బురదలో ఉండారు."

చేతికి అలవాటైన పని కదా, ఎర్ర పెన్ను దానంతటదే నడిచింది. "లేసేలోపలే" కొట్టి "లేచేలోపే" అని రాశాను. "కయ్యకాడికి" కొట్టి "పొలానికి". "పోయుండాడు" కొట్టి "వెళ్లాడు". "గెనిమ తెగుండాది" కొట్టి "గట్టు తెగింది". "ఉండారు" కొట్టి "ఉన్నారు". "మడవ"కు పుస్తకం మాట ఏమిటో తోచక దాన్ని వదిలేశాను. చివర పదికి ఐదు వేశాను.

మధ్యాహ్నం గంట కొట్టాక ఆ పాప నోటుబుక్కు పట్టుకుని స్టాఫ్ రూము గుమ్మంలో నిలబడింది. ఏమ్మా అంటే వేలు పెట్టి చూపించింది.

"మేడం, వెళ్లాడు అని రాస్తే పోయినాడని మాత్రమే గదా తెలస్తాది. మా నాయన ఇంకా ఆడనే ఉండాడు. అది యాడ తెలస్తాది?"

నాకు వెంటనే జవాబు తోచలేదు. "వెళ్లి అక్కడే ఉన్నాడు అని రాయొచ్చమ్మా" అన్నాను. "అంత పొడుగా?" అనింది. కాసేపు ఆ పేజీనే చూసి, "పొలమంటే మెట్ట కూడా పొలమే గదా మేడం. మాది కయ్య" అని చెప్పి వెళ్లిపోయింది. గొంతులో కోపం లేదు. నాకు ఏదో తెలియదని అర్థమై, చెప్పిపోయినట్టుంది.

నా సంగతి కూడా చెప్పాలి. నేనూ ఈ ఊళ్ల పిల్లనే. మాది పెన్నకు అవతలి గట్టు. పండిత శిక్షణకు వేరే జిల్లాకు పోయి హాస్టల్లో చేరిన మొదటి వారం, గదిలోవాళ్లను "యాడికి పోతుండారు?" అని అడిగాను. గదంతా నవ్వింది. ఆ తర్వాత వరండాలో ఎవరు ఎదురైనా నన్ను "యాడికి?" అనే పలకరించేవాళ్లు. ఆరు నెలల్లో నాలుక మార్చుకున్నాను. సంక్రాంతికి ఇంటికి వస్తే మా అమ్మ నా మాట విని, "ఏందిమే, రేడియోలో వార్తలు చదివినట్టు మాట్లాడతుండావు" అనింది. నవ్వుతూ అనలేదు. పక్కకు తిరిగి అనింది. ఆరోజు మా అమ్మ ముఖం ఎట్లా ఉందో, మొన్న స్టాఫ్ రూము గుమ్మంలో ఆ పాప ముఖం అట్లాగే ఉంది.

నేను అడిగేది ఇది. "పోయుండాడు" అనేది తప్పు రూపమా, లేక దానికీ ఒక వ్యాకరణం ఉందా? మా పక్క మాట్లాడేది తమిళం కలిసిన తెలుగు అని చదువుకున్నవాళ్లే అంటారు, అది నిజమా? ఇక పరీక్షలో పుస్తకం భాషే రాయాలి కాబట్టి, పాప నోరు మూయించకుండా దాన్ని ఎట్లా నేర్పాలి? ఈ మూడోదే నాకు అన్నిటికన్నా ముఖ్యం.


కావలి మాస్టారు

అమ్మా, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. నేను ముప్పై నాలుగేళ్లు తెలుగు పండితుడిగా చేసి రిటైరైనవాణ్ణి. మీరు దిద్దింది తప్పు కాదు. ఆ పాప మీద ప్రేమ ఉంది కాబట్టే దిద్దారు.

పదో తరగతి జవాబు పత్రం ఎవరి చేతికి పోతుందో మనకు తెలియదు. దిద్దేవారికి గెనిమ తెలియదు, మడవ తెలియదు. తెలియని మాట కనబడితే సున్నా చుడతారు. నా దగ్గర చదివిన ఒక పిల్లవాడు లెక్కల్లో మెరిక. ఉద్యోగానికి దరఖాస్తు తెలుగులో రాయాల్సివస్తే ఇంట్లో మాట్లాడినట్టే రాశాడు. ఆ కాగితం తిరిగి వచ్చింది. వాడు దాన్ని నాకు చూపించి, "సార్, మీరు అప్పుడే చెప్పుంటే బాగుండు" అన్నాడు. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది. నేను వాణ్ణి మెత్తగా చూశాను, దాని ఖర్చు వాడు కట్టాడు.

ఇంకొకటి. వ్యావహారికం కోసం జీవితమంతా పోరాడిన గిడుగు రామమూర్తి గారు కూడా ఊరికొక భాష రాయమనలేదు. శిష్టవ్యావహారికం అన్నారు. పదిమంది చదువుకున్నవాళ్లు వాడే భాష ఒకటి ఉండాలి కదా. మన తిక్కన కాలంలోనే తెలుగుకు తెలుగులో మొట్టమొదట వ్యాకరణం రాసిన కేతన, తన దశకుమారచరిత్రను ఆ తిక్కనకే అంకితమిచ్చినవాడు, "తల్లి సంస్కృతంబె యెల్ల భాషలకును" అన్నాడు. భాషకు ఒక తల్లి, ఒక కట్టు ఉండాలన్న తపన అది. కట్టు తెంచుకుంటే నీళ్లు నిలవవు.

పాపకు ఐదు మార్కులు తక్కువ. ఏడు వేయండి. కానీ దిద్దడం మానకండి.


ఒంగోలు చదువరి

టీచర్ గారూ, మీరు రాసిన ఆ నాలుగు వాక్యాలు చదివి చాలా సంతోషం వేసింది. భాషాశాస్త్రంలో ఎమ్మే చేశాను, క్రియల మీదే చదువు సాగుతోంది. కొంచెం పొడుగ్గా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

ముందు "పోయుండాడు". ఇది పోయి + ఉండాడు. "పోయి" క్త్వార్థం, అంటే ఒక పని ముగిశాక ఇంకోటి అని చెప్పే అసమాపక క్రియ. దాని మీద "ఉండు" చేరింది. పని అయిపోయింది, దాని ఫలితం ఇంకా నిలిచి ఉంది అని చెప్పే రూపం. "పోయినాడు" అంటే పోవడం జరిగిందని మాత్రమే. "పోయుండాడు" అంటే పోయాడు, ఇప్పటికీ అక్కడే ఉన్నాడు. మీ పాప మీకు చెప్పింది సరిగ్గా ఇదే. పాప రాసిన రెండో వాక్యం కూడా చూడండి. "గెనిమ తెగుండాది" అంటే తెగింది, ఇంకా తెగే ఉంది. అందుకే వాళ్లమ్మ పార తీసుకుని పరుగెత్తింది. "గట్టు తెగింది" అని దిద్దితే ఆ తొందర పోయింది. కోస్తా మధ్య జిల్లాల వాడుక మీద నిలబడ్డ పుస్తకభాషలో దీనికి ఒక్క మాటలో సాటి రూపం లేదు. "వెళ్లి ఉంటాడు" అంటే ఊహ అయిపోతుంది. "వెళ్లి ఉన్నాడు" అని మామూలుగా ఎవరూ అనరు.

ఇది పొరపాటా, వ్యాకరణమా అని తేల్చుకోవడానికి ఒక పరీక్ష ఉంది. పొరపాటైతే ఎక్కడ పడితే అక్కడ వస్తుంది. వ్యాకరణమైతే ఎక్కడ రాకూడదో మాట్లాడేవాళ్లకు తెలుస్తుంది. క్లాసులో ఈ వాక్యం బోర్డు మీద రాయండి: "మా నాయన నిన్న పొద్దన్నే కయ్యకాడికి పోయుండాడు, మద్దేన్నానికి తిరుక్కోని వచ్చేసినాడు." మన పిలకాయలు ఇట్లా అంటారా అని అడగండి. ఏం చెప్తారో ఇక్కడ రాయండి.

ఇక "ఉండాడు, ఉండారు". ఉండు అనే ధాతువు మీద నేరుగా కట్టిన రూపాలివి. పుస్తకభాష "ఉన్న" మీద కట్టుకుంది. రెండూ ఒకే ఇంటివి. పాత కావ్యాల్లో "ఉన్న" ఉంది, "ఉండిన" కూడా ఉంది.

"ఎట్టా, అట్టా, ఇట్టా" అంటే మనల్ని నవ్వుతారు. తిక్కన పద్యాల్లో పుటపుటకూ కనబడేది ఎట్లు, అట్లు, ఇట్లు. దానికి దీర్ఘం వచ్చి ఎట్లా, ట్ల కాస్తా ట్ట అయి ఎట్టా. పుస్తకంలో వాడే "ఎలా" వేరే దారిలో వచ్చింది: ఏ లాగు, ఎలాగు, ఎలా. "వచ్చినాడు" సంగతీ అంతే. విరాటపర్వంలో "వచ్చినవాఁడు ఫల్గుణుఁడు" పద్యం మీరు పిల్లలకు చెప్పే ఉంటారు. ఆ "వచ్చినవాఁడు" లాంటి కట్టడమే కుదించుకుని వచ్చినాడు అయింది, ఇంకా కుదించుకుని వచ్చాడు అయింది. మన పక్కవాళ్లు మధ్య మెట్టు మీద నిలబడ్డారు, కోస్తావాళ్లు ఇంకో మెట్టు దిగారు. తిక్కన నెల్లూరు మనుమసిద్ధి కొలువులో ఉండి విరాటపర్వం మొదలు పదిహేను పర్వాలు తెలుగు చేసినవాడు. తిక్కన ఇంట్లో "ఎట్టా" అనేవాడని నేననడం లేదు. మనం నవ్వులపాలు చేసే మాటకూ, మనం దండం పెట్టే మాటకూ మధ్య దూరం ఒక్క అక్షరమే అంటున్నాను.

తమిళం సంగతి. "కయ్య" తమిళం నుంచి వచ్చిందని నాతో చాలామంది అన్నారు. తమిళంలో పొలానికి పాత మాట "చెయ్". మంచి చెయ్ (మాగాణి) నంచెయ్, తక్కువ రకం చెయ్ (మెట్ట) పుంచెయ్. మన పక్క పాత దస్తావేజుల్లో కనబడే నంజ, పుంజ ఇవే. చూడండి, తమిళం నుంచి వచ్చిన మాటలో చ, జ వచ్చాయి. పాత కన్నడంలో ఇదే మాట "కెయ్". అక్కడ క నిలిచింది. చెవిని కన్నడంలో కివి అన్నట్టే ఇదీ. మన కయ్యలో కూడా క ఉంది. తమిళం నుంచి అరువు తెచ్చుకుంటే క రాదు. చెవిలో తెలుగుకూ చ వచ్చింది కాబట్టి, ఈ క కన్నడం వైపు నుంచి వచ్చిందో మరో దారిలో వచ్చిందో నేను తేల్చి చెప్పలేను. తమిళం నుంచి తెచ్చుకున్నది మాత్రం కాదనిపిస్తుంది.

మాస్టారికి గౌరవంతో ఒక మాట. కేతన ఆ పద్యంలోనే "దానివలనఁ గొంత కానఁబడియెఁ గొంత తాన కలిగె" అని కూడా అన్నాడు. తాన కలిగిన భాగం ఒకటుందని పదమూడో శతాబ్దిలోనే గుర్తించాడు. ఆ భాగమే అసలు మూలమని రుజువు చేసినవాడు చెన్నపట్నం కలెక్టరు ఎల్లిస్. 1816లో కాంబెల్ తెలుగు వ్యాకరణానికి రాసిన ముందుమాటలో తెలుగు, తమిళ, కన్నడ ధాతువులను పక్కపక్కన పేర్చి, ఇవి ఒక తల్లి బిడ్డలని, సంస్కృతం నుంచి పుట్టలేదని చూపించాడు. ద్రావిడ భాషల పోలిక అనగానే అందరూ చెప్పే కాల్డ్వెల్ పుస్తకం 1856లో వచ్చింది, అంటే నలభై ఏళ్ల తర్వాత.

చివరగా మా ఊరి మాట ఒకటి చెప్పకుండా ఉండలేను. భద్రిరాజు కృష్ణమూర్తి గారు 1928లో ఒంగోలులోనే పుట్టారు. తెలుగు ధాతువుల మీద ఆయన పుస్తకం 1961లో వచ్చింది. ఆ మరుసటి ఏడు, 1962లో, మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటం ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమి వేసింది. అదంతా వ్యవసాయ పదాలే. జిల్లా జిల్లాకూ మనుషుల్ని పంపి, నాగలి కాడికి పోయి, దీన్ని మీరేమంటారు అని రైతుల్నే అడిగి రాసుకున్నారు. దాని తర్వాత చేనేత పదాలు. అప్పటి ఉమ్మడి రాష్ట్రాన్ని నాలుగు మాండలికాలుగా చూసింది కూడా ఆ పని మీదే. నెల్లూరు రాయలసీమతో కలిసి దక్షిణ మాండలికంలోకి వస్తుంది. అంటే ప్రపంచంలో ద్రావిడ భాషల మీద మాట చెల్లిన మనిషి, మీ పాప వాళ్ల నాయన లాంటి రైతుల నోటి మాటను అకారాది క్రమంలో పేర్చి అచ్చు వేయించాడు. మీరు ఎర్రసిరాతో కొట్టిన మాటల్లాంటివే అవి.


పులికాట్ పక్క

టీచర్, నేను తడ పక్క ప్రైమరీలో చెప్తాను. కొత్త జిల్లాల్లో మేము తిరుపతిలో కలిశాం, మాటలో మాత్రం ఇంకా నెల్లూరే. మా పిల్లల్లో సగం మంది ఇంట్లో తమిళం మాట్లాడతారు.

ఒంగోలాయన చెప్పిన "పోయుండాడు" మా తమిళ పిల్లలకు అరక్షణంలో అర్థమవుతుంది. వాళ్లు "పోయిరుక్కార్" అంటారు. పోయి, ఇరుక్కార్. కట్టడం ఒకటే, మాట వేరే. అక్క ఇంట్లో కూర ఎట్లా చేస్తే చెల్లెలింట్లో అట్లాగే చేసినట్టు.

నేను చేసేది చెప్తాను. నేను కొట్టెయ్యను. పిల్లలు పేజీకి ఎడమ పక్క రాస్తారు, కుడి పక్క ఖాళీ వదులుతారు. నేను ఎడమ పక్క స్పెల్లింగు తప్ప ఏమీ ముట్టుకోను. తర్వాత పిల్లలే రెండు వరసల మధ్య గీత గీసి కుడివైపు "పుస్తకం మాట" రాస్తారు. తెలియకపోతే నన్నడుగుతారు, నాకు తెలియకపోతే ఇద్దరం కలిసి వెతుకుతాం. మొదటి నెల చాలా టైము పట్టింది. రెండో నెల నుంచి కుడి పక్క వాళ్లే నింపేస్తుండారు.

ఇంకొక్క మాట. దిద్దిన పేజీ ఇచ్చేటప్పుడు, దిద్దనిదాన్ని ముందు ఆ పాపతో క్లాసులో పెద్దగా చదివించండి. నేను ఒక పిల్లాడికి ఇది చెయ్యలేదు. వాడు ఒక సంవత్సరం పాటు నా క్లాసులో ఉండీ ఒక్క పూర్తి వాక్యం మాట్లాడలేదు. అప్పుడు నాకు తెలియలేదు.


కనిగిరి మెట్ట

నేను భాష చదవలేదు, మాది వ్యవసాయం. మా పక్క మాగాణి తక్కువ, కయ్య అనే మాట మా అమ్మమ్మగారి ఊరు బుచ్చిరెడ్డిపాళెం పోయినప్పుడే విన్నా. మాకు అన్నీ చేలే. చిన్నప్పుడు అక్కడ ఒకసారి "మీ చేను యాడుంది" అని మా మామనడిగితే, "మాకు చేను లేదబ్బయ్యా, కయ్యలుండాయి" అన్నాడు. నాకప్పుడు అర్థం కాలా. ఆ పాప చెప్పింది కరెక్టు. చేను వేరే, కయ్య వేరే. కయ్యకు గెనిమ ఉండాల, నీళ్లు నిలవాల. రెండిటికీ పొలం అని ఒకటే పేరు పెడితే, ఆవునీ గేదెనీ పశువు అన్నట్టు ఉంటాది.


పెన్న ఒడ్డు (మళ్లీ)

రెండు వారాలైంది. అందరికీ ముందు నమస్కారం. జరిగింది వివరంగా రాయకపోతే బాగుండదు.

శనివారం ఆఖరి పీరియడ్లో ఒంగోలు తమ్ముడు ఇచ్చిన వాక్యం బోర్డు మీద రాశాను. "మా నాయన నిన్న పొద్దన్నే కయ్యకాడికి పోయుండాడు, మద్దేన్నానికి తిరుక్కోని వచ్చేసినాడు." మనం ఇట్లా అంటామా అని అడిగాను. ముప్పై ఒక్కమంది ఒకేసారి "అట్టా అనరు మేడం!" అన్నారు. మరెట్లా అంటారు? "పోయినాడు అనాల." ఎందుకని? ముందు వరసలో ఒకడు లేచి, "వచ్చేసినాక ఇంకేడ ఉండేది మేడం" అన్నాడు. నాకు ఒళ్లు జలదరించింది. ఆ వాక్యం ఏ వ్యాకరణ పుస్తకంలోనూ వాళ్లకు ఎవరూ చెప్పలేదు. ముప్పై ఒక్కమందికీ తెలుసు.

అప్పుడు నేను "పోయుండాడు" పక్కన "పోయుంటాడు" అని రాశాను. తేడా ఏమిటి? కిటికీ పక్క పాప చెయ్యెత్తింది. ఈ ఏడాదిలో అదే మొదటిసారి. "పోయుండాడు అంటే మనకు తెలుసు మేడం. పోయుంటాడు అంటే తెలియదు, అనుకుంటుండాం" అనింది. డా, టా. ఒక్క అక్షరం మారితే తెలిసినది ఊహగా మారిపోతుందని ఎనిమిదో తరగతి పాప బోర్డు ముందు నిలబడి చెప్పింది. ఆ పీరియడ్ అంతా అదే నడిచింది. వచ్చుండాడు, వచ్చుంటాడు. తినుండాడు, తినుంటాడు. పిల్లలే ఒకరినొకరు అడుగుతూ పోయారు.

తర్వాత పులికాట్ టీచర్ చెప్పిన పద్ధతిలో గీత గీయించాను. ముందు పాపతో తన పేజీ దిద్దకుండా చదివించాను. గొంతు మొదట వణికింది, మడవ దగ్గరికి వచ్చేసరికి సర్దుకుంది. కుడి పక్క తను రాసుకున్నది: "నేను లేచేసరికే మా నాన్న పొలానికి వెళ్లిపోయారు. ఇంకా తిరిగి రాలేదు." రెండు వాక్యాలు పట్టాయి. నేను అడిగితే, "ఒకదాంట్లో పట్టలా మేడం, అందుకే రెండు రాసినా" అనింది. "నాన్న వెళ్లిపోయారు" అని గౌరవవాచకం కూడా తనే పెట్టింది. అది మీరు కొట్టొద్దు, పుస్తకంలో అట్లాగే ఉంటుంది అని చెప్పింది. కొట్టలేదు.

నిన్న స్కాలర్‌షిప్ ఫారం మీద సంతకానికి వాళ్ల నాయన బడికొచ్చాడు. పంచె మోకాళ్ల దాకా, కాళ్లకు ఎండిన బురద. కూర్చోమంటే కూర్చోలేదు. నేను నోటుబుక్కు తీసి, మడవ అంటే ఏంది, నాకు సరిగ్గా చెప్పండి అని అడిగాను. నేను ఎగతాళి చేస్తున్నానేమో అన్నట్టు పాప వైపు చూశాడు. పాప తలూపింది. అప్పుడు కూర్చున్నాడు. టేబుల్ మీద నా స్కేలు కాలవ, రెండు చాక్‌పీసులు గెనిమ. వాటి మధ్య సందు చూపించి, "ఇది మడవ. నీళ్లు కావాలంటే మడవ తీస్తాం, చాలంటే మడవ కడతాం. ఒక కయ్య నిండినాక ఇంకో కయ్యకు మళ్లించేది మడవ తిప్పడం. ఈ మూడూ మూడు పనులు మేడం" అన్నాడు. చాక్‌పీసు తీసి పెట్టి మూడుసార్లు చేసి చూపించాడు. ఇంతకుముందు నేను "మడవ"ను దిద్దలేక వదిలేశానని చెప్పాను కదా. దిద్దడానికి వేరే మాట లేదని ఇప్పుడు తెలిసింది. ఆ మాట తెలిసినవాళ్లు నీళ్లు కట్టేవాళ్లే. రాసుకోవాల్సింది నేను.

ఇప్పుడు పిల్లలంతా ఒక నోటుబుక్కులో మాటలు రాస్తున్నారు. కయ్య, గెనిమ, మడవ, వామి, పుట్టి, నారుమడి. ఒక్కో మాట పక్కన ఎవరు చెప్పారో, ఏ ఊరో రాయమన్నాను. ఒకమ్మాయి వాళ్లవ్వ దగ్గర కూర్చుని మొలకొలుకుల వడ్ల గురించి రెండు పేజీలు రాసుకొచ్చింది. ఆ పాత నెల్లూరు వడ్లు ఎట్లా ఉండేవో, అన్నం ఎట్లా ఉండేదో అవ్వ మాటల్లోనే ఉంది.

కావలి మాస్టారూ, మీరు చెప్పింది నేను వదిలిపెట్టలేదు. పరీక్షకు కుడి పక్క భాషే రాయాలని క్లాసులో గట్టిగా చెప్పాను. వారానికి ఒకసారి కుడి పక్క ఒక్కటే రాయిస్తాను, ఎర్రసిరాతో దిద్దుతాను. ఎడమ పక్కకు నా దగ్గర ఇప్పుడు ఆకుపచ్చ పెన్ను ఉంది. దానితో ప్రశ్నలే రాస్తాను, కొట్టివేతలు ఉండవు. ఆ పాత పేజీకి మార్కులు కూడా మార్చాను. ఎనిమిది.


కావలి మాస్టారు

అమ్మా, మొత్తం చదివాను. వారానికొకసారి కాదు, రెండుసార్లు చేయించండి. పదో తరగతికి వచ్చేసరికి కుడి చెయ్యి వాటంగా ఉండాలి. ఆ మాట మీద నేను కదలను. దరఖాస్తు తిరిగొచ్చిన ఆ పిల్లవాడికి ఎడమ పక్కా కుడి పక్కా అని నేను ఎన్నడూ విడదీసి చూపించలేదు, మెత్తగా ఉండటం ఒక్కటే చేశాను. మీరు విడదీస్తున్నారు. అది మంచిది.

ఆ చదువరి బాబు చెప్పిన కేతన పద్యం పుస్తకం తీసి మళ్లీ చూశాను. "కొంత తాన కలిగె" అని ఉంది. నేను ముప్పై నాలుగేళ్లు మొదటి పాదం మీదే ఆగి పాఠం చెప్పాను.

మా అమ్మ పుట్టిల్లు ఉదయగిరి పక్క. ఆమె గెనిమ అనేది కాదు, గెనెం అనేది. "గెనెం మీద నడువు, కయ్యలో దిగబాకు" అని నన్ను అదిలించేది. మీ పిల్లల నోటుబుక్కులో గెనిమ పక్కన గెనెం కూడా రాయించండి. ఉదయగిరి తాలూకా అని, చెప్పినది ఒక ముసలి మాస్టారి తల్లి అని పక్కన పెట్టించండి.